బాగ్‌బేరా బిస్కెట్ల కేసు

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధిలో అందరూ ఉక్కు కార్ఖానా గురించే అడుగుతున్నారు. కొలిమి చూశావా, కరిగిన ఇనుము చూశావా, అంత పెద్ద కార్ఖానాకి గేట్లెన్ని ఉన్నాయి అని. గేటు దాకా ఎందుకు, నేను ఆ కార్ఖానా ప్రహరీని కూడా దగ్గర్నుంచి చూడలేదు. నేను చూసొచ్చిన గోడ నడుమెత్తు ఉంటుంది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటారు. అక్కడున్న అన్నాళ్ళూ ఆ గోడ పక్కన ముక్కాలి పీట వేసుకుని, క్రీము బిస్కెట్లు తింటూ, జడ్జి ఉద్యోగం వెలగబెట్టి వచ్చాను.

ఈ ఉద్యోగానికి నా అర్హతేమిటో ముందే చెప్పేస్తాను. ఒకప్పుడు ఓ వారపత్రికలో నేను రాసిన వంట ఒకటి అచ్చయింది. ఆనపకాయ తొక్కల పచ్చడి. నేను నాలుగు ఎండుమిరపకాయలని రాస్తే వాళ్ళు నలభై అని వేశారు. బొబ్బిలిలో ఆ పచ్చడి నమ్మి చేసుకున్న ఇళ్ళవాళ్ళు నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఆ సంగతి తెలియని నా చెల్లెలు నూకరత్నం మాత్రం, అంత దూరంలో కూర్చుని, "మా అక్క పత్రికలకి వంటలు రాస్తాది" అని కాలనీ అంతా చాటింపు వేసింది.

నూకరత్నం మొగుడు సింహాచలం టాటానగర్ యార్డులో పనిచేస్తాడు. ఆగిన బండ్ల చక్రాలకి సుత్తి కొట్టి, ఆ చప్పుడు విని, పగులుందో లేదో చెప్పడం అతని పని. యార్డు పక్కనే బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. అక్కణ్ణించి చెల్లి ఉత్తరం రాసింది. పక్కింటి కుముదినికీ తనకీ క్రీము బిస్కెట్ల మీద మాట పట్టింపు వచ్చిందనీ, టీలోకి ఏ బిస్కెట్టు మంచిదో తేల్చేదాకా మాటల్లేవనీ, కాలనీలో ఎవరు తీర్పు చెప్పినా ఎవరో ఒకరి పక్షం అంటారు కాబట్టి నువ్వే రావాలనీ దాని సారాంశం.

మా ఆయన ఉత్తరం చదివి, "బిస్కెట్టు తినడానికి బీహారు వెళ్తావా? నీ నాలుక అంత గొప్పదా?" అన్నారు. అప్పటిదాకా వెళ్ళాలో వద్దో తేల్చుకోలేదు. ఆ మాట విన్నాక ట్రంకు పెట్టె దించాను.

ఖరగ్‌పూర్: మట్టి గ్లాసు

ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. అక్కడి ప్లాట్‌ఫారం ఎంత పొడుగంటే, కూలీ వెనకాల నడిచి నడిచి, ఇలాగే టాటానగర్ దాకా నడిపించేస్తాడేమోనని భయం వేసింది. చలికాలం పొద్దు. చేతులు రుద్దుకుంటూ టీ అడిగితే మట్టి గ్లాసులో పోసిచ్చాడు. మా వైపు టీ గాజుగ్లాసులో ఇస్తారు, వేడి చేతికి తెలుస్తుంది. ఈ మట్టి గ్లాసు పైకి గోరువెచ్చగా, మంచి మర్యాదగా ఉంటుంది. లోపలేముందో బయటికి తెలియనివ్వదు.

అప్పుడే నా బండి కూత వేసింది. డబ్బిచ్చి కొన్న టీ పారబోయడానికి మనసొప్పక గుటుక్కున మింగేశాను. నాలుక చివర్నుంచి గొంతు దాకా చురచుర కాలిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురు బెంచీ మీద బెంగాలీ ఆవిడ నేనేదో వియోగంలో ఉన్నాననుకుని భుజం తట్టింది.

ఇంకో సంగతి. తాగేసిన మట్టి గ్లాసుని అక్కడ పట్టాల మీదికి విసిరి పగలగొడతారు. నేనది తెలియక, కూత వేసిన బండి ఇంకా కదలకపోయేసరికి, గ్లాసు శుభ్రంగా కడిగి, తిరిగివ్వడానికి టీ అతని కోసం వెతికాను. అతను నన్నూ గ్లాసునీ ఎగాదిగా చూసి దణ్ణం పెట్టాడు. ఆ గ్లాసు ఇప్పుడు మా వంటింట్లో ఉంది. అందులో ఆవాలు పోసుకుంటున్నాను.

టాటానగర్: నా హిందీ

నేను హిందీ ప్రాథమిక పరీక్ష పాసయినదాన్ని. స్టేషను బయట రిక్షా అతన్ని ఎంచుకుని, కాలిన నాలుకతోనే, "భాయీ సాహబ్, కృపయా ముఝే బాగ్‌బేరా లే చలియే" అన్నాను. అతను నా పెట్టె ఎత్తి రిక్షాలో పెడుతూ, "ఎక్కండమ్మా, రెండ్రూపాయలిచ్చీండి. ఏ ఊరేటి మీది?" అన్నాడు. ఇచ్ఛాపురం మనిషట. నాలుగేళ్ళు పడ్డ కష్టం అలా రిక్షా పాలైంది.

కొంత దూరం తొక్కాక వెనక్కి తిరిగి, "బిస్కెట్ల జడ్జమ్మ మీరేనా?" అని అడిగాడు. నీకెలా తెలుసన్నాను.

"కుళాయి కాడ ఆడోలందరూ అదే సెప్పుకుంతన్నారు గదా. మా ఆడది సెప్పింది, అత్తన్నారంట అని. కానమ్మా, మీరేటి తీర్పు సెప్పినా ఒకమ్మ ఏడుత్తాది. సూసుకోండి మరి."

నేను గంభీరంగా తలాడించాను. నిజానికి లోపల బెదురు పుట్టింది. నా ఖ్యాతి నాకంటే ముందు టాటానగర్ చేరడం ఒక ఎత్తు, నోట్లో నాలుక చెక్కముక్కలా మొద్దుబారి ఉండడం ఒక ఎత్తు. దిగి ఇంట్లో అడుగు పెట్టగానే చెల్లి పెట్టిన ఉప్మా తిన్నాను. ఉప్పూ తెలియలేదు, కారమూ తెలియలేదు. అయినా "చాలా బాగుందే" అన్నాను. చెల్లి మురిసిపోయింది. ఆ తరవాత దాని కూతురు రేణు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "మమ్మీ, నమక్ డాల్నా భూల్ గయీ" అంది. ఉప్మాలో ఉప్పే వెయ్యలేదట.

బాగ్‌బేరా: గోడ దగ్గర

రెండు క్వార్టర్ల పెరళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇవతల చెల్లి జామ మొక్క, అవతల కుముదిని కొత్తిమీర మడి. గోడ పైన సిమెంటు అరిగి, గ్లాసుల అడుగులు పెట్టిన చోట నల్లటి చక్రాలు పడి ఉన్నాయి. ఇక్కడికొచ్చిన కొత్తల్లోనే ఇద్దరూ స్నేహితులయ్యారు. అప్పట్నుంచీ మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే చెరో వైపు నిలబడి టీ తాగడం అలవాటట. ఒకరి పిల్లలకి జ్వరం వస్తే ఇంకొకరు గోడ మీంచి జావ అందించడం, ఒకరు ఊరెళ్తే ఇంకొకరు పాలు పోయించుకోవడం. ఇప్పుడు గోడకి అటొకరు, ఇటొకరు ముఖాలు తిప్పుకుని బట్టలు ఆరేసుకుంటున్నారు.

టీలోకి బిస్కెట్టు అన్న సంగతే మొదట నాకు వింతగా ఉంది. మా ఇళ్ళల్లో టీలోకి జంతికో చేగోడీయో ఉంటుంది. బిస్కెట్టు జ్వరం వచ్చి లేచినవాళ్ళకి. అందులోనూ రెండు బిస్కెట్ల మధ్య క్రీము పెట్టి అతికించినదైతే పిల్లలకి పరీక్ష పాసైనప్పుడు. ఇక్కడ మాత్రం మధ్యాహ్నం ఏ ఇంటికెళ్ళినా పళ్ళెంలో నాలుగు క్రీము బిస్కెట్లు పెట్టకపోతే మర్యాద తక్కువ.

మొదటి రోజు విచారణకి పీట వేసుకుని కూర్చున్నాను. అవతలివైపు కుముదిని వచ్చింది. పర్లాకిమిడి వైపు మనిషి, సన్నగా, నుదుటి నిండా బొట్టుతో, మాటల మధ్య ఒడియా దొర్లుతూ. అక్క అనడానికి వాళ్ళ భాషలో నన్ను "అపా" అంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు. అయినా మాటలన్నీ నా మీదుగానే నడిచాయి.

"అక్కా, ముందు నాది తింతావని ఆవిడకి సెప్పు," అంది చెల్లి.

"అపా, అలాగే కానిమ్మని తనకి సెప్పండి," అంది కుముదిని.

నేను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చెప్పాను. మెడ పట్టేసింది.

చెల్లిది ఏలకుల క్రీము, రంగుకాగితం చుట్టిన కంపెనీ పొట్లం. కుముదినిది నారింజ క్రీము, నది అవతల మాంగోలో ఓ చిన్న బేకరీలో చేత్తో అద్దినవి, కాగితంలో చుట్టి దారం కట్టి ఇస్తారు. చెల్లి వాదన ఏమిటంటే, తన బిస్కెట్టు అలాగే టీలో ముంచినా చెక్కుచెదరదు. "దానిదైతే ముంచీ ముంచగానే గ్లాసు అడుక్కి ఎల్లిపోద్దక్కా. ఆకర్న తాగేదంతా ఇసకే. ఆవిడకి సెప్పు."

"తినడం రావాలి గదా అని సెప్పండపా. దాన్ని ఇప్పి తినాల. ముందు క్రీము, తరవాత ఒట్టి పెచ్చు టీలో. క్రీముతో ముంచితే కరిగిపోదా మరి?"

"బిస్కెట్టు ఇప్పదీసి నాకడమేటి, సంటిపిల్లలాగ? అడుగక్కా."

నేను చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాను. జడ్జిలు అలా చేస్తారని ఎక్కడో చూశాను. కళ్ళు మూసుకుని మొదటిది తిన్నాను. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది. రెండోది తిన్నాను. అదీ అట్టే. ఏదో ఒకటి అనాలి కదా, గోడకి అటూ ఇటూ నాలుగిళ్ళ ఆడవాళ్ళు పోగై ఉన్నారు. తల పంకించి, "ఆహా, దీన్లో ఏలకుల వాసన గొప్పగా తెలుస్తోంది" అన్నాను.

రేణు నా చేతివైపు చూసి పకపకా నవ్వింది. "మౌసీ, వో తో ఆరెంజ్ వాలా హై!"

ఇక దాచి లాభం లేకపోయింది. ఖరగ్‌పూర్ టీ సంగతి చెప్పి, నాలుక బయట పెట్టి అందరికీ చూపించాను. బొబ్బిలి నుంచి వచ్చిన వంటల నిపుణురాలు నాలుక చాపి నిలబడడం ఆ కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉంటారు. కేసు మర్నాటికి వాయిదా పడింది.

సాయంత్రం: ఎర్రటి ఆకాశం

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన సింహాచలం సంగతంతా విని, రెండు బిస్కెట్లూ తెప్పించుకుని, చెవి దగ్గర పెట్టుకుని చెంచాతో తట్టి చూశాడు. "రెండిటికీ పగులు నేదొదినా. పాస్ చేసేయొచ్చు," అన్నాడు.

ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. దూరంగా కార్ఖానావాళ్ళు కరిగిన చిట్టెం, ఇనుములోంచి తేలిన మడ్డి, పారబోస్తున్నారు కాబోలు, ఆకాశం ఆ పక్కంతా ఎర్రగా వెలిగింది. నేను ఊరికి నిప్పంటుకుందని లేచి నిలబడ్డాను. అతను తలెత్తైనా చూడలేదు. ఇక్కడివాళ్ళకి అది రోజూ ఉండేదే.

"ఒదినా, అసలు తగూ బిస్కెట్టుది కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "కుముదినమ్మ మొగుడు గూడ్సు గార్డు. బిలాస్‌పూరుకి ట్రాన్స్‌ఫర్ ఆర్డరొచ్చింది. ఒచ్చి నెల దాటిపోనాది. ఆవిడ మీ సెల్లికి సెప్పనేదు. పాలోడు సెప్పాడు. ఆరోజు టీ కాడే మీ సెల్లి నీ బిస్కెట్టు ఇసకంది, ఆవిడ నీకు తినడం రాదంది. అంతే, బంద్."

"ఎప్పుడు వెళ్తున్నారు?"

"ఒచ్చే వారమే. సామాన్లు కట్టేత్తన్నారు. మీరు రేపు తీర్పు సెప్పేత్తే ఎవరో ఒకరు ఓడిపోతారు, మొకాలు మాడ్సుకుని ఎవులింట్లోకి వాలెల్లిపోతారు. అలాగే బండెక్కేత్తాది ఆవిడ. మీ సెల్లి పైకి బింకంగా ఉంటాది గానీ, తిండి తింతన్నాదా ఏటి?"

నిజమే. వచ్చిన దగ్గర్నుంచీ చెల్లి కంచంలో మెతుకులు అటూ ఇటూ తొయ్యడం నేను చూస్తూనే ఉన్నాను. నా నాలుక గొడవలో పడి పట్టించుకోలేదు. అన్నేళ్ళ స్నేహం ఒక మాటైనా లేకుండా రైలెక్కిపోతుందంటే నాకు నిజంగా బాధ కలిగింది. ఆ ఊళ్ళో మొదటిసారి, నా గొప్ప గురించి కాకుండా ఇంకొకరి గురించి ఆలోచించాను.

కుముదిని ఇంట్లో: దాల్మా

మర్నాడు కుముదిని నన్ను ఒక్కదాన్నే భోజనానికి పిలిచింది. ఇల్లంతా గోనెసంచులు, తాళ్ళు, గడ్డి చుట్టిన గిన్నెలు. పెట్టెల మధ్య పీట వేసి దాల్మా వడ్డించింది. కందిపప్పులో గుమ్మడికాయ, అరటికాయ, ములక్కాడ అన్నీ వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర పొడి చల్లుతారు. మన ముద్దపప్పుకీ సాంబారుకీ మధ్య రకం అనుకోండి. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకోగానే జీలకర్ర గుప్పున తెలిసింది. నాలుకకి ప్రాణం వచ్చింది! ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు.

"బావుంది కానీ ఉప్పు రవ్వంత తగ్గిందమ్మా," అనేశాను.

కుముదిని లేచి ఉప్పు గిన్నె తెచ్చి పెట్టింది. నేను కలుపుకుని, రెండోసారి వడ్డించుకుని తిన్నాను. తింటూ ఒక ఉపాయం ఆలోచించాను. కేసు తేలితే ఇద్దరూ ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళిపోతారు. తేలకపోతే రోజూ గోడ దగ్గరికి రాక తప్పదు. అంటే ఈ కేసు తేలకూడదు.

ఆ మధ్యాహ్నం గోడ దగ్గర రెండు బిస్కెట్లూ తిని, ముఖం వేలాడేసి, "ఏం చెయ్యనే, ఇంకా మొద్దుగానే ఉంది" అన్నాను. నిజానికి రెండూ చక్కగా తెలిశాయి. ఏలకులది పండగపూట పరమాన్నంలా పరిమళంగా ఉంది. నారింజది పుల్లపుల్లగా, నోరూరించేలా ఉంది. అంత రుచి తెలుస్తూ కూడా తెలియనట్టు నటించడం ఎంత కష్టమో నాలుక ఉన్నవాళ్ళకే అర్థమవుతుంది.

చెల్లి నా నాలుక మీద తేనె రాసింది. కుముదిని వెన్న పంపింది. పక్క వీధి మామ్మగారొకరు పసుపు కలిపిన పాలు తాగమన్నారు. వాయిదాల మీద వాయిదాలు వేస్తూ నేను తేనె, వెన్న, బిస్కెట్లు మూడు పూటలా మేశాను. జాకెట్లు బిగుతయ్యాయి.

మాంగో: పిన్నీసు

వాయిదాలు వేయడానికి కారణాలు కావాలి. కుముదిని బిస్కెట్లు మెత్తబడ్డాయనీ, తాజావి తెస్తే తప్ప న్యాయం జరగదనీ చెప్పాను. ఇద్దరూ నాతో మాంగో రావాలన్నాను. చెల్లి, "అది కూడా వత్తాదా?" అంది. కోర్టు ఆజ్ఞ అన్నాను.

బస్సులో నన్ను మధ్యలో కూర్చోబెట్టి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. సువర్ణరేఖ వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద ఇసుకలో చాకళ్ళు ఆరేసిన బట్టలు, సన్నగా నీళ్ళు. నది చాలా అందంగా ఉందని నేనంటే, ఇద్దరూ చెరోవైపు కిటికీలోంచి చూశారు.

మాంగో బజారులో మనిషిని మనిషి తోసుకుంటూ నడవాలి. గాజుల దుకాణాలు, మాంసం కొట్లు, సేమియా గుట్టలు, పాటల హోరు. బేకరీ ఓ సందు చివర ఉంది. ముసలాయన పెద్ద రేకు పళ్ళెంలోంచి బిస్కెట్లు తీసి, క్రీము రాసి, పైన ఇంకోటి అద్ది, తక్కెట్లో తూచి కాగితంలో చుడుతున్నాడు. చెల్లినీ కుముదినినీ చూసి, "దోనో బహనే బహుత్ దిన్ బాద్ ఆయీ," అన్నాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ చాలారోజులకి వచ్చారని. సొంత అక్కని నేను, నావైపు చూడనైనా చూడలేదు. ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆ బిస్కెట్లు ఇసక అని గోల చేసే మా చెల్లి, వాటిని కొనడానికి ఇంత దూరం ఆవిడతో కలిసి వచ్చేదన్నమాట.

తిరిగి బస్సు కోసం నడుస్తుంటే జనం ఎవరో నా చెప్పు తొక్కారు. పట్టీ ఊడి వచ్చేసింది. ఒంటికాలి మీద నిలబడి, ఇంకో పాదం గాల్లో పెట్టి, పొట్లం గుండెలకి హత్తుకుని, "అయ్యో అయ్యో" అని అరిచాను. ఇద్దరూ ఒక్కసారే నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

చెల్లి తన గాజులు వెతుక్కుని, పిన్నీసు కనపడక, తల ఎత్తకుండానే, "నీ గాజులకి ఉంటాది గదా పిన్నీసు, ఇయ్యి," అంది.

కుముదిని తీసి దాని చేతిలో పెట్టింది. "జాగర్త, మొన మొండిది. గట్టిగా గుచ్చు."

"తెలుసు. పట్టీ పట్టుకో నువ్వు."

అంతే. ఒక్కరూ "ఆవిడకి సెప్పు" అనలేదు. నేను ఊపిరి బిగబట్టి, కొంగలా అలాగే నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కింది. అయినా పాదం దించితే ఆ మాటలు ఆగిపోతాయని దించలేదు. పిన్నీసు చెప్పుకి గుచ్చారు, కొంత నా వేలికీ గుచ్చారు. నేను కిక్కురుమనలేదు.

మళ్ళీ గోడ దగ్గర

మర్నాడు టీ దగ్గర నేను నోరు తెరిచేలోపే చెల్లి గోడమీద గ్లాసు ఠక్కున పెట్టి, సూటిగా కుముదినినే అడిగింది.

"పాలోడి నోటెంట వినాలేటి నేను? పాలోడికి తెలిసిపోనాది, నాకు తెలవకూడదు!"

కుముదిని వంగి మడిలోంచి కొత్తిమీర రెమ్మ ఒకటి తుంచింది. "నీకు సెప్తే ఎల్లిపోవడం నిజమైపోద్దని సెప్పనేదు," అంది. "ఎవులెవులికో సెప్పీగల్ను. నీకు సెప్పడానికి నోరు రానేదు. నువ్వేమో నా బిస్కెట్టు ఇసకన్నావు."

"మరి కోపమొచ్చింది. నీ మీద ఇంకేటనాలో తెలవక బిస్కెట్టునన్నాను."

చెల్లి ఏడిచింది. కుముదిని ఏడిచింది. నేనూ ఏడిచాను, ఇద్దరికంటే గట్టిగా. నాకెందుకు అంత ఏడుపొచ్చిందో తెలియదు. నా వయసులో నాకు అలా గోడ మీద గ్లాసు పెట్టే మనిషి ఒక్కరూ లేరని అప్పుడే తోచింది. రేణు బయటికి వచ్చి ముగ్గుర్నీ చూసి, "క్యా హువా? కౌన్ హారా?" అని అడిగి, ఎవరు ఓడారో ఎవరూ చెప్పకపోతే విసుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మిగిలిన రోజులూ విచారణ జరుగుతూనే ఉంది. ఇద్దరూ రెండు పళ్ళేలూ తెచ్చేవారు, "ఇయ్యాలైనా తెలిసిందా?" అని అడిగేవారు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. వాళ్ళు నవ్వుకుని కబుర్లలో పడేవారు. చీకటి పడే వేళకి గానీ గోడ దగ్గర్నుంచి కదిలేవారు కాదు. జడ్జిని పట్టించుకునే నాథుడు లేడు. నా బిస్కెట్లు నేనే తీసుకుని తినేదాన్ని.

స్టేషను: ప్రతివాది మాట

కుముదిని వాళ్ళు వెళ్ళే రోజు అందరం టాటానగర్ స్టేషనుకి వెళ్ళాం. సింహాచలం ఆరోజు సెలవు. అయినా అలవాటు మానలేక, ఆగిన పెట్టె దగ్గరికి వెళ్ళి, వంగి చక్రాలు చూసి, "మంచి బండే, భయం నేదు," అని కుముదినికి చెప్పి వచ్చాడు. మర్యాదగా వీడ్కోలు చెప్పడం అతనికి అలాగే వచ్చు.

చెల్లీ కుముదినీ కిటికీ ఊచల మీద చేతులు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. బండి కదిలే ముందు కుముదిని నన్ను దగ్గరికి పిలిచింది.

"అపా, కేసేటయింది? తీర్పు సెప్పకుండా పంపించేత్తారా?"

"నాలుక ఇంకా..." అని మొదలెట్టాను.

"దాల్మాలో ఉప్పు తగ్గిందన్నారు గదా," అంది నవ్వుతూ. "ఆరోజే తెలిసిపోనాది నాకు. తనకీ సెప్పాను, మాంగో నుంచొచ్చాక. ఇద్దరమూ ఊరుకున్నాం."

అంటే నేను నాలుక చప్పరిస్తూ, ముఖం వేలాడేస్తూ, తేనె నాకుతూ చేసిన అభినయమంతా వాళ్ళు చూసి ఆనందించారన్నమాట. చెల్లివైపు చూశాను. అది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. బండి కదిలింది. కుముదిని చెయ్యి ఊచల్లోంచి చాలా దూరం దాకా కనపడింది.

చివరి టీ

ఆ మర్నాడు నా ప్రయాణం. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చెల్లి పెరట్లో ఉంది. గోడ మీద రెండు గ్లాసులు పెట్టింది, ఇటొకటి, అటొకటి. పెట్టాక చూసుకుని, అటు గ్లాసుని ఇటు లాగి నాకిచ్చింది. అవతల తలుపుకి తాళం వేలాడుతోంది. కొత్తిమీర మడికి పొద్దున చెల్లే గోడ మీంచి నీళ్ళు పోసింది.

మాంగో పొట్లంలో నారింజ బిస్కెట్లు కొన్ని మిగిలాయి. చెల్లి ఒకటి తీసుకుని, తన అలవాటు ప్రకారం అలాగే టీలో ముంచింది. అది విరిగి గ్లాసు అడుక్కి వెళ్ళిపోయింది. చెల్లి కాసేపు గ్లాసులోకి చూసింది. ఇంకోటి తీసుకుంది. ఈసారి రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తిప్పి విడదీసింది. క్రీమంతా ఒకవైపు అంటుకుని వచ్చింది. చంటిపిల్లలా దాన్ని పళ్ళతో గీకి తింది. తరవాత ఒట్టి పెచ్చు టీలో ముంచింది. అది విరగలేదు.

తిని, గోడమీద చెయ్యి పెట్టి, అన్నాళ్ళూ అలవాటైన మాటే అనేసింది.

"బాగుందని సెప్పక్కా ఆవిడకి."

అన్నాక తెలిసింది దానికి. గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను పీట మీంచి లేచి, గోడ అవతలకి వంగి, తాళం వేసిన తలుపు వైపు చూస్తూ, "బాగుందట కుముదినీ," అని చెప్పాను.